మీటింగుకు డబ్బుంది, కాగితం చదివే మనిషికి లేదు

పోస్టు పొడుగ్గా ఉంటుంది, ముందే చెప్తున్నాను. రేపు ఇంటర్నల్స్ ఉన్నోళ్లు సేవ్ చేసుకుని తర్వాత చదవండి.

ఈ మధ్య మన గ్రూపులో ఒకే రకం లింకు రెండు మూడు సార్లు తిరిగింది. ప్రజాస్వామ్యాన్ని బలపరిచే స్వచ్ఛంద సంస్థల ప్రాజెక్టులకు గ్రాంటు ఇస్తాం, దరఖాస్తు పెట్టుకోండి అని. దాని కింద మనవాళ్లు రెండు జట్లుగా విడిపోయి కొట్టుకున్నారు. ఒక జట్టు, ఎన్జీవోలన్నీ మన పేరు చెప్పుకుని తినేవే, మన ఫొటో అమ్ముకునేవే అంటుంది. ఇంకో జట్టు, వాళ్లు లేకపోతే మనకి పోడు పట్టాలు గానీ, 1/70 గురించి తెలిసుండేది గానీ కాదు అంటుంది. నాకు రెండూ నచ్చలేదు. డబ్బు చెడ్డదా మంచిదా అని కొట్టుకుంటున్నాం గానీ, ఆ డబ్బు ఎవరి చేతి మీదుగా వస్తుంది, ఎన్నాళ్లు ఉంటుంది, ఏ పనికి అక్కరకొస్తుంది అని ఎవరూ అడగలేదు. నేను రాయాలనుకున్నది అదే.

ముందు మా ఊరి సంగతి చెప్తాను.

మా మండలంలో ఒక చిన్న సంస్థ ఉండేది. పేరు రాయను. అందులో పనిచేసింది ఇద్దరే, ఒక అన్న, ఒక అక్క. ఇద్దరూ మన పిల్లలే, ఇంటర్ దాకా చదివారు. ఆఫీసు అంటే సంత వీధిలో ఒక రేకుల గది, ఒక బల్ల, ఒక బీరువా. సంత రోజు ఆ గది ముందు జనం కూర్చుని ఉండేవారు. పసుపు, రాజ్మా అమ్ముకోడానికి దిగినోళ్లు బుట్టలో ఒక కాగితం కూడా పెట్టుకుని వచ్చేవారు. "బాబూ, ఇందులో ఏటి రాసుందో చూడు" అని ఇచ్చేవారు. అన్న చదివి కువిలోనో, ఆదివాసీ ఒరియాలోనో చెప్పేవాడు. ఆయనకి లా డిగ్రీ ఏమీ లేదు. అయినా పైఊళ్లల్లో అందరూ ఆయన్ని ప్లీడరు అనే పిలిచేవారు.

ఆయన పని ఎలా ఉండేదో చెప్తే నవ్వొస్తుంది, అంత చిన్న పని. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం 2005 డిసెంబర్ 13కి ముందు నుంచి సాగులో ఉన్న పోడుకి హక్కు పత్రం అడగొచ్చు. దానికి రుజువులు కావాలి. మన ముసలోళ్ల దగ్గర ఏ రుజువు ఉంటుంది? కానీ రూల్స్‌లో ఒక మంచి మాట ఉంది. ఊరి పెద్దలు చెప్పింది రాసి పెట్టినా అది కూడా రుజువే. ఈ సంగతి చాలా ఊళ్లల్లో తెలీదు. అన్న పెద్దల్ని కూర్చోబెట్టి, ఈ చింతచెట్టు ఎవరు నాటారు, ఈ గెడ్డ అవతల ఎవరి తాత దున్నాడు అని అడిగి రాసేవాడు. చదివి వినిపించి వేలిముద్ర వేయించేవాడు. ఒక్కో ఊరికి మూడు నాలుగు రాత్రులు పట్టేది. పగలు ఎవరుంటారు ఇంటి దగ్గర?

2021లో ఆ గదికి తాళం పడింది. అక్క పెళ్లి చేసుకుని వెళ్లిపోయింది. అన్న విశాఖపట్నంలో ఒక అపార్టుమెంట్‌కి వాచ్‌మన్‌గా చేరాడు.

మా నాన్న సాగు చేసే పోడు మూడెకరాల పైచిలుకు. పత్రంలో పడింది ఎకరం కన్నా తక్కువ. మిగతాదానికి మళ్లీ అర్జీ పెట్టారు, ఆ అర్జీ రాసింది ఈ అన్నే. గది మూసేశాక ఒక కాగితం వచ్చింది. నాన్న దాన్ని రేషన్ కార్డుతో పాటు రేకు పెట్టెలో జాగ్రత్తగా దాచారు. గవర్నమెంటు కాగితం కాబట్టి అది మంచిదే అయ్యుంటుందని అనుకున్నారు. నేను హాస్టల్ నుంచి సెలవులకి వచ్చినప్పుడు తీసి చూపించారు. తిరస్కరించడమైనది అని ఒక లైను, కింద సంతకం. కారణం లేదు. కారణం రాసి చెప్పాలని రూల్స్‌లో ఉంది. అప్పీలుకి 60 రోజుల గడువు ఉంది. ఆ 60 రోజులు రేకు పెట్టెలోనే అయిపోయాయి.

నాన్నకి చదివి చెప్తుంటే ఆయన ఏమన్నారంటే, "ప్లీడరు ఉంటే చెప్పేవోడు కదా" అని. అంతే, ఇంకేమీ అనలేదు.

ప్రజాస్వామ్యాన్ని బలపరచడం అన్న పెద్ద మాట నాకు ఇక్కడే అర్థమవుతుంది. ఓటు మా ఊళ్లో అందరూ వేస్తారు. వర్షంలో గెడ్డ దాటి వెళ్లి వేస్తారు. ఓటు తర్వాత ఐదేళ్లలో వచ్చే కాగితాలు చదివే మనిషి మాత్రం ఉండడు. తీర్మానం మీద వేలిముద్ర వేసే ముందు అందులో ఏముందో చెప్పే మనిషి ఉండడు. ఆ మనిషికి నెలకి పది పన్నెండు వేలు, జిరాక్సు ఖర్చులు, జీపు చార్జీలు ఇవ్వగలిగితే, అదే మా దగ్గర ప్రజాస్వామ్యాన్ని బలపరిచే ప్రాజెక్టు.

సరే, ఆ గది ఎందుకు మూతపడింది? అప్పట్లో నాకు తెలీదు. డిగ్రీకి వచ్చాక కాలేజీ లైబ్రరీలో కూర్చుని కొంత, అన్నతో ఫోన్లో మాట్లాడి కొంత తెలుసుకున్నాను.

బయట దేశాల నుంచి వచ్చే విరాళాలకి మన దేశంలో ఎఫ్‌సీఆర్‌ఏ అని ఒక చట్టం ఉంది. మొదట 1976లో, ఎమర్జెన్సీ టైములో తెచ్చారు. 2010లో దాని బదులు కొత్తది చేశారు. 2020 సెప్టెంబర్‌లో దాన్ని బాగా బిగించారు. విదేశీ డబ్బు ఎవరికొచ్చినా ముందు ఢిల్లీలో ఒకే ఒక్క ఎస్‌బీఐ బ్రాంచిలో తెరిచిన ఖాతాలోనే పడాలి. ఆఫీసు ఖర్చులకి అంతకుముందు సగం దాకా వాడుకోనిచ్చేవారు, దాన్ని 20 శాతానికి తగ్గించారు. అన్నిటికన్నా ముఖ్యం, ఒక సంస్థ తనకొచ్చిన విదేశీ డబ్బులో కొంత ఇంకో సంస్థకి ఇవ్వడం పూర్తిగా ఆపేశారు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు కూడా ఈ మార్పులు చెల్లుతాయని చెప్పింది.

ఈ మూడో మార్పు దగ్గర కొంచెం ఆగుదాం, ఎందుకంటే మన ఏజెన్సీకి దెబ్బ అక్కడే తగిలింది. సంత వీధి రేకుల గదికి ఫారిన్ నుంచి ఎవడూ నేరుగా డబ్బు పంపడు. వాళ్లకి ఇంగ్లీషులో రిపోర్టు రాయడం రాదు, ఆడిటర్ లేడు. డబ్బు ముందు ఢిల్లీలోనో హైదరాబాద్‌లోనో ఉన్న పెద్ద సంస్థకి వచ్చేది. వాళ్లు లెక్కలన్నీ తమ దగ్గర పెట్టుకుని, కొంచెం కొంచెం కింద ఉన్న చిన్నవాటికి పంచేవారు. గెడ్డ నీళ్లు కాలవ తీసి మడిలోకి పెట్టుకున్నట్టు. 2020లో ఆ కాలవలకి అడ్డు కట్టారు. పెద్దవాటిలో చాలావరకు ఏదో ఒకలా బతికాయి. కొన్ని లైసెన్సులు పోగొట్టుకున్నాయి, వాటి గురించి ఇంగ్లీషు పేపర్లలో వచ్చింది. చివర ఉన్న మడి ఎండిపోయిందని మాత్రం ఏ పేపర్లోనూ రాలేదు. అక్కడ పనిచేసేది ఎవరు? మన పిల్లలు. మన భాష వచ్చినోళ్లు. పైనున్న సంస్థల్లో మనవాళ్లు ఎంతమంది ఉన్నారో మీకూ తెలుసు.

20 శాతం రూలు కూడా అలాంటిదే. పైకి వినడానికి న్యాయంగా ఉంటుంది, ఆఫీసు ఖర్చు తక్కువ, పని ఎక్కువ అని. బోరు వేసే సంస్థకి అది సరిపోతుంది. డబ్బంతా పైపుకీ మోటారుకీ పోతుంది కాబట్టి. కాగితం చదివి చెప్పే పనిలో సామాను ఏముంది? అద్దె, ప్రయాణం, లాయరు ఫీజు లాంటివి ఆఫీసు ఖర్చు లెక్కలోనే పడతాయి. హక్కుల పని చేసేవాడికి ఖర్చంతా అక్కడే ఉంటుంది.

మరి మన దేశం డబ్బు లేదా అంటారు. ఉంది. 2013 కంపెనీల చట్టంలో 135వ సెక్షన్ ప్రకారం పెద్ద కంపెనీలు లాభాల్లో 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు పెట్టాలి. దేనికి పెట్టొచ్చో ఏడో షెడ్యూల్‌లో జాబితా ఉంది. ఆకలి, చదువు, ఆరోగ్యం, పర్యావరణం, ఆటలు, మాజీ సైనికుల కుటుంబాలు, ఇలా చాలా ఉన్నాయి. అవన్నీ మంచివే. గ్రామసభ, ఓటు, సమాచార హక్కు అన్న మాటలు అందులో వెతికితే దొరకవు. పోనీ ఉన్నాయనే అనుకోండి. మన కొండ కింద ఖనిజం కావాలనుకునే కంపెనీ, మన గ్రామసభకి చట్టం చదివి చెప్పే మనిషికి జీతం ఇస్తుందా? బెంచీలు ఇస్తుంది, మెడికల్ క్యాంపు పెడుతుంది, దుప్పట్లు పంచుతుంది. మా ఊళ్లో ఆ దుప్పట్లు ఇంకా ఉన్నాయి, వెచ్చగానే ఉంటాయి, అబద్ధం ఎందుకు.

విదేశీ డబ్బు మీద అనుమానం తప్పు అని నేను అనను. వేరే దేశం డబ్బుతో ఇక్కడి రాజకీయం నడవకూడదు అన్నది సరైన మాటే. 2025 ఫిబ్రవరిలో అమెరికాలో కొత్త ప్రభుత్వం, ఇండియాలో ఓటింగ్ పెంచడానికి కేటాయించిన 2.1 కోట్ల డాలర్లు రద్దు చేశామని చెప్పింది. ఇక్కడ టీవీల్లో వారం రోజులు అదే గోల. తర్వాత ఇండియన్ ఎక్స్‌ప్రెస్ పత్రిక రికార్డులు చూసి, ఆ డబ్బు మంజూరైంది బంగ్లాదేశ్‌కి అని రాసింది. ఆ మాటకొస్తే మన దేశమే ఇలాంటి గ్రాంటుకి డబ్బిచ్చింది. 2005లో ఐక్యరాజ్యసమితి ప్రజాస్వామ్య నిధి మొదలుపెట్టినప్పుడు ఇండియా కోటి డాలర్లు ఇస్తామంది. వేరే దేశాల్లో పౌర సంస్థలు బలపడాలని మనం డబ్బిస్తే అది మంచి పని అయినప్పుడు, మన సంత వీధి గదికి వచ్చిన నాలుగు రూపాయలు ఎందుకు కుట్ర అవుతాయో నాకు అర్థం కాదు.

ఇంకో సంగతి ఉంది, ఇది చదివిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

నియమగిరి మీకందరికీ తెలుసు. ఒడిశాలో డోంగ్రియా కోందులు, మన కోందు వాళ్లకి అన్నదమ్ముల లాంటోళ్లు. వేదాంత కంపెనీ రిఫైనరీ కోసం ఆ కొండ మీద బాక్సైట్ తవ్వాలనుకున్నారు. 2013 ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు, అక్కడి గ్రామసభల్ని అడగండి అంది. ఆ ఏడాది జూలై, ఆగస్టుల్లో 12 గ్రామసభలు జరిగాయి. జిల్లా జడ్జి ఎదురుగా కూర్చుంటే 12 ఊళ్లూ ఒక్కొక్కటిగా వద్దు అన్నాయి. 12కి 12. 2014 జనవరిలో కేంద్ర పర్యావరణ శాఖ అనుమతి ఇవ్వం అని చెప్పేసింది. ఈ దేశంలో ప్రజాస్వామ్యం బలంగా ఉంది అని నాకు ఎవరైనా చూపించాలంటే ఇదే చూపించాలి.

సరిగ్గా ఆ తర్వాత, 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు ఇంకో తీర్పు ఇచ్చింది. అదే వేదాంతకి చెందిన కంపెనీల నుంచి కాంగ్రెస్, బీజేపీ రెండు పార్టీలూ విరాళాలు తీసుకున్నాయి, అది విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించడమే, చర్య తీసుకోండి అని. ఆ కేసు వేసినవాళ్లలో ఒకరు మన విశాఖపట్నంలో ఉండే మాజీ ఐఏఎస్ ఈఏఎస్ శర్మ గారు. మన ఏజెన్సీ బాక్సైట్ గురించి లేఖల మీద లేఖలు రాసింది కూడా ఆయనే. మరి చర్య తీసుకున్నారా? 2016 ఫైనాన్స్ చట్టంలో విదేశీ కంపెనీ అన్న మాటకి అర్థమే మార్చేశారు, అదీ 2010 నుంచి వర్తించేటట్టు. అది చాలలేదని 2018లో ఇంకోసారి మార్చి 1976 దాకా వెనక్కి తీసుకెళ్లారు. పార్టీలకి అడ్డమొస్తే చట్టం 42 ఏళ్లు వెనక్కి నడిచింది. ఊరి సంస్థకి మాత్రం రిటర్ను లేటైతే ఫైను.

ఇది రాస్తుంటే కోపం వస్తోంది గానీ, కోపంతో ఎన్జీవోలన్నిటినీ నెత్తిన పెట్టుకోమని చెప్పడం లేదు. స్వచ్ఛంద సంస్థ అనగానే మన వైపు అని కాదు. 2019 ఫిబ్రవరి 13న సుప్రీంకోర్టు, అటవీ హక్కుల అర్జీలు తిరస్కరించిన వాళ్లని అడవి నుంచి ఖాళీ చేయించండి అని ఆర్డరు ఇచ్చింది గుర్తుందా? గుండె ఆగిపోయినంత పనైంది అప్పుడు. ఫిబ్రవరి 28న మళ్లీ ఆ ఆర్డరు నిలిపేశారు. ఆ కేసు 2008లో వేసింది ఎవరు? వైల్డ్‌లైఫ్ ఫస్ట్ అనే స్వచ్ఛంద సంస్థ, దానితో పాటు ఇంకొందరు. వాళ్లూ పౌర సంస్థే. వాళ్లకి పులి కావాలి, మాకు పోడు కావాలి, ఇద్దరమూ కోర్టుకెళ్లొచ్చు, అది ప్రజాస్వామ్యమే. తేడా ఏమిటంటే వాళ్లకి కోర్టు దాకా వెళ్లే దారి ఉంది, మా నాన్నకి 60 రోజుల్లో ఒక కాగితం చదివించుకునే దారి లేదు.

మనల్ని చూపించి తిన్నవాళ్లూ ఉన్నారు, ఆ జట్టు చెప్పింది పూర్తిగా అబద్ధం కాదు. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా మా ఊరి వాళ్లని ఒక పెద్ద సంస్థ కింద టౌనుకి తీసుకెళ్లింది, హక్కుల మీద రెండు రోజుల శిక్షణ అని. ఏసీ హాలు, బేనరు, చికెన్ బిర్యానీ, ఒక్కొక్కరికి ఒక సంచి, ఒక పేడ్, ఒక పెన్ను. చదవడం రాని మా పెద్దమ్మకి కూడా పేడ్, పెన్ను. శిక్షణ మొత్తం తెలుగులో, అది కూడా టీవీ వార్తల తెలుగులో. సంతకాలు, వేలిముద్రలు, ఫొటో. రిపోర్టులో 60 మంది గిరిజనులకు అవగాహన అని రాసుకుని ఉంటారు. మా ఊళ్లో ఆ సంచుల్లో ఇప్పటికీ రాజ్మా విత్తనాలు దాస్తారు. ప్రాజెక్టు వల్ల మిగిలింది అదే, సంచి గట్టిదే.

ఇక్కడ తప్పు ఆ సంస్థది ఒక్కదానిదే కాదు, డబ్బిచ్చేవాడి ఫారంది కూడా. ఈ మధ్య తిరిగిన ఆ లింకుల్లో ఒకటి మా హాస్టల్ సీనియర్ అన్న నింపుతుంటే పక్కన కూర్చుని చూశాను. ఎంతమంది పాల్గొంటారు? అందులో ఆడవాళ్లు ఎంతమంది? ఎన్ని కార్యక్రమాలు? 18 నెలల్లో ఏం మార్పు చూపిస్తారు? అన్నీ ఇంగ్లీషులో. ఐక్యరాజ్యసమితి నిధి కూడా ఇచ్చేది రెండేళ్ల ప్రాజెక్టులకే, లక్ష డాలర్ల నుంచి మూడు లక్షల డాలర్ల దాకా. మా రేకుల గదికి లక్ష డాలర్లు ఇస్తే ఆ అన్న ఏం చేసుకుంటాడు? ఆయనకి ఏడాదికి నాలుగైదు లక్షల రూపాయలు చాలు, కానీ పదేళ్లు కావాలి. అంత తక్కువ డబ్బు, అంత ఎక్కువ కాలం ఇచ్చేవాడు ఒక్కడూ కనపడడు. తలకాయలు లెక్కపెట్టే ఫారంకి తలకాయలే దొరుకుతాయి. ఒక్క ముసలమ్మ దగ్గర మూడు రాత్రులు కూర్చుని చింతచెట్టు కథ రాసుకోవడం ఏ గడిలో రాయాలి?

మన ఏజెన్సీలో జరిగిన అతిపెద్ద విజయాన్నే తీసుకోండి. అనంతగిరి మండలం, బొర్రా దగ్గర ఊళ్లల్లో ప్రైవేటు కంపెనీలకి మైనింగ్ లీజులిచ్చారని సమత సంస్థ 1993లో హైకోర్టులో కేసు వేసింది. హైకోర్టులో ఓడిపోయారు. సుప్రీంకోర్టుకి వెళ్లారు. 1997 జూలై 11న తీర్పు వచ్చింది. షెడ్యూల్డ్ ప్రాంతంలో గిరిజనేతరులకి భూమి ఇవ్వకూడదు అన్న రూలు ప్రభుత్వానికీ వర్తిస్తుంది, ప్రైవేటు కంపెనీలకి లీజులు చెల్లవు అని. ఈ రోజు దేశంలో ఎక్కడ మైనింగ్ మీద గిరిజనులు కోర్టుకెళ్లినా సమత తీర్పు అనే మాట వస్తుంది. ఇప్పుడు ఆ కేసుని ఆ ఫారంలో పెట్టి చూడండి. మొదటి 18 నెలలు: ఫలితం సున్నా. రెండో ఏడాది: హైకోర్టులో ఓటమి. ఏ ఫండరైనా అక్కడితో ఆపేసేవాడు.

అసలు గ్రాంటు లేకుండానే చేసినవాళ్లు లేరా అంటే ఉన్నారు. రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ 1990లో మొదలైంది. ఫారిన్ డబ్బు ముట్టుకోలేదు, మామూలు మనుషులిచ్చిన చందాలతోనే నడిచింది. పనిచేసేవాళ్లు కనీస కూలీ అంతే తీసుకుంటారు. 1994 నుంచి ఊళ్లల్లో జన సున్‌వాయి పెట్టి పంచాయతీ బిల్లులు పైకి చదివారు. 1996లో బ్యావర్‌లో 40 రోజులు ధర్నా చేస్తే ఊళ్ల నుంచి ధాన్యం, కూరగాయలు వచ్చాయి. 2005 సమాచార హక్కు చట్టం వెనక వాళ్ల పని ఎంతుందో పాలిటిక్స్ వాళ్లు చదివే ఉంటారు. అది గొప్ప దారి. కాకపోతే అక్కడ అరుణా రాయ్ గారి లాంటి, ఐఏఎస్ వదిలొచ్చిన మనిషి ఉన్నారు. మన రేకుల గదిలో ఇంటర్ చదివిన అన్న ఇంటికి నెలనెలా బియ్యం కొనాలి. త్యాగం మీద నడిచే పనికి మనలో త్యాగం చేయగలిగేంత ఉన్నోళ్లు ఎంతమంది? మొదటి తరం చదువుకున్నోడిని పట్టుకుని జీతం లేకుండా సేవ చెయ్యి అంటే నాకు మండుతుంది.

అందుకే నాకు నచ్చిన దారి వేరే ఉంది. అది ఎక్కడి నుంచో తేవక్కర్లేదు, మన ఆంధ్రప్రదేశ్‌లో చేసి చూపించిందే. ఉపాధి హామీ చట్టం 2005లో 17వ సెక్షన్, పనుల మీద గ్రామసభ సామాజిక తనిఖీ చేయాలి అంది. మిగతా రాష్ట్రాలు కాగితం మీద వదిలేస్తే, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే నిజంగా మొదలుపెట్టింది. 2009లో దానికోసం విడిగా ఒక సొసైటీ పెట్టింది. ఉపాధి హామీ ఖర్చులో అర శాతం ఈ తనిఖీకే పక్కన పెట్టారు. ఆ డబ్బుతో కూలీల ఇళ్లల్లో చదువుకున్న పిల్లల్ని తీసుకుని, శిక్షణ ఇచ్చి, పక్క ఊళ్లకి పంపేవారు. ఇంటింటికీ వెళ్లి మస్టర్లు చదివి, "నువ్వు ఈ పనికి ఎన్ని రోజులు వెళ్లావు, ఎంత ముట్టింది" అని అడిగేవారు. తర్వాత మండలంలో ప్రజావేదిక. నేను చిన్నప్పుడు మా అమ్మతో ఒకదానికి వెళ్లాను. ఆఫీసర్లు కుర్చీల్లో, జనం షామియానా కింద. ఒకావిడ లేచి, ఆ మస్టర్లో ఉన్నది మా ఆయన పేరు, ఆయన చచ్చిపోయి రెండేళ్లయింది అని చెప్పింది. ఒక్కసారిగా అందరూ నిశ్శబ్దం. ఆ మాట మామూలు రోజుల్లో ఆవిడ ఏ ఆఫీసు గుమ్మం దగ్గరా చెప్పలేదు.

ఆ అర శాతం సంగతి ఆలోచించండి. ప్రభుత్వాన్ని ప్రశ్నించడానికి ప్రభుత్వమే డబ్బు పెట్టింది, చట్టం చెప్పింది కాబట్టి పెట్టింది. ఏ దేశం నుంచీ రాలేదు, ఏ కంపెనీ దయా కాదు. దాంట్లో లోపాలు లేవా? ఉన్నాయి. పట్టుకున్న డబ్బు రికవరీ సరిగా జరగలేదు. డబ్బు ఆలస్యం చేస్తే చాలు, తనిఖీ దానంతటదే ఆగిపోతుంది. అయినా దారి ఇదే అని నా నమ్మకం. గ్రామసభకి ఒక సొంత మనిషి, ఆ మనిషికి చట్టం ప్రకారం వచ్చే డబ్బు.

అది ఎక్కడి నుంచి? మైనింగ్ జరిగే జిల్లాల్లో 2015 నుంచి జిల్లా ఖనిజ నిధి ఉంది. పాత లీజుల వాళ్లు రాయల్టీ మీద 30 శాతం, 2015 తర్వాత వేలంలో తీసుకున్నవాళ్లు 10 శాతం అందులో కట్టాలి. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో పెసా చట్టాన్ని, అటవీ హక్కుల చట్టాన్ని దృష్టిలో పెట్టుకుని నడపాలని ఆ చట్టమే చెప్తుంది. రోడ్లు వేయండి, ఆస్పత్రులు కట్టండి, వద్దనట్లేదు. దాంట్లో అర శాతం, ఒకే ఒక్క అర శాతం, మన గ్రామసభలకి కాగితం చదివి చెప్పే మనుషులకి ఇవ్వమని అడుగుదాం. ఉప ప్రణాళిక నిధుల్లోనూ అలాగే. మైదానం కంపెనీ మనల్ని తవ్వుకుని కట్టిన డబ్బే కదా అది.

రెండో దారి గ్రామసభ సొంత సంపాదన. మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లాలో మెండా లేఖా అని ఒక గోండు ఊరు ఉంది. 2009లో వాళ్లకి సుమారు 1,800 హెక్టార్ల అడవి మీద సామూహిక హక్కు వచ్చింది. 2011 నుంచి వాళ్ల వెదురు వాళ్లే అమ్ముకుంటున్నారు. ఆ డబ్బు గ్రామసభ ఖాతాలో పడుతుంది, ఖర్చు గ్రామసభే తేల్చుకుంటుంది. అలాంటి ఊరికి ప్రాజెక్టు అయిపోయింది, మేం వెళ్తున్నాం అని ఎవరూ చెప్పలేరు. మన దగ్గర పెసా రూల్స్ 2011లోనే వచ్చాయి. గ్రామసభకి సొంత ఖాతా, అందులో నాలుగు రూపాయలు ఉన్న ఊళ్లు మన వైపు ఎన్ని ఉన్నాయో మీరే లెక్కపెట్టండి.

ఇక గ్రాంటు ఇచ్చేవాళ్లకి. మన పోస్టులు వాళ్లు చదవరు అనుకోకండి, ఆ సంస్థల్లో పనిచేసే మన సీనియర్లు ఈ గ్రూపులోనే ఉన్నారు. అన్నా, అక్కా, మీ పైవాళ్లకి ఇంత మాత్రం చెప్పండి. ఫారం తెలుగులో పెట్టండి, కువిలో వాయిస్ మెసేజ్ పంపినా దరఖాస్తుగా తీసుకోండి. హాలుకీ బేనరుకీ ఇచ్చేది ఆ మనిషి జీతానికి మార్చండి. రెండేళ్లని ఏడెనిమిదేళ్లు చేయండి, మొత్తం పెంచక్కర్లేదు. ఎన్నికల ముందు కనపడి తర్వాత మాయమయ్యే ప్రాజెక్టు అయితే అసలు రావొద్దు. ఒక ఊరి జనం ఒక మనిషిని నమ్మడానికి మూడేళ్లు పడుతుంది. నమ్మిన ఏడాదికి మీరు వెళ్లిపోతే, తర్వాత వచ్చేవాడిని ఆ ఊరు ఇంకో పదేళ్లు నమ్మదు. మా ఊళ్లో ఇప్పుడు ఎవరైనా బేగ్ వేసుకుని వస్తే, "ఎన్నాళ్లుంటావు బాబూ" అని అడుగుతున్నారు మొదట.

ఇంకొక్క పని ఉంది, అది మన చేతుల్లోనే ఉంది. అన్నతో మొన్న ఫోన్లో మాట్లాడినప్పుడు తెలిసింది, ఆ రేకుల గది బీరువా ఇంకా అక్కడే ఉందట. అద్దె బాకీ ఉందని ఇంటి ఓనరు తాళం తీయలేదు. లోపల పెద్దలు చెప్పినవి రాసిన కాగితాలు ఉన్నాయి. చెప్పినవాళ్లలో కొందరు చనిపోయారు కూడా, మళ్లీ రాయించడానికి మనుషులు లేరు. చెదలు పట్టకముందే వాటిని తీసుకుని, ఫొటోలు తీసి, ఏ ఊరివి ఆ ఊరికి ఇచ్చేయాలి. బాకీ ఎంతో కనుక్కుంటున్నాను. సంక్రాంతి సెలవులకి మా వైపు వచ్చేవాళ్లలో కువి చదవడం, మాట్లాడడం రెండూ వచ్చినవాళ్లు ఇద్దరు, ఆదివాసీ ఒరియా వచ్చినవాళ్లు ఇద్దరు కావాలి. ఫోన్లో స్కాన్ చేయడం నాకొచ్చు. మీ మండలంలో కూడా ఇలా మూతపడిన గది ఉంటే, అది ఏ ఏడాది మూతపడింది, కాగితాలు ఎవరి దగ్గరున్నాయి, కింద రాయండి.